చెఱకు సీమలో పెద్దల మాట

వయసు మీరిన కొలదిని దేహబలము తగ్గును గాని, నలుగురికి మంచి చెప్పవలయునను కోరిక తగ్గదు. వినువారు మాత్రము తగ్గుచుందురు. ప్రతి గృహమునను గల యీ చిక్కును గూర్చి మేము ఇందూరు, బోధను ప్రాంతములు చూడబోయినపుడు కొంత తెలిసికొంటిమి.

ఇందూరనునది నిజామాబాదు పట్టణమునకు పూర్వనామము. ఊరి యంచున గుట్టమీది కోటయు, అందలి రఘునాథాలయమును చూడదగినవి. నిజాము కాలమున ఆ కోట చెఱసాలగా నుండెను. దాశరథి కృష్ణమాచార్యులు అందు బంధింపబడి, బొగ్గుతో గోడలపై పద్యములు వ్రాసెను. కోట చూచి మేము పేటలలోనికి దిగితిమి. అచ్చట స్త్రీలు ఒడిలో చేటలుంచుకొని బీడీలు చుట్టుచుందురు. ఈ జిల్లాలో ఎన్నో కుటుంబములకు ఈ పని జీవనాధారము. ఒక యరుగుమీద అత్త తునికాకు కత్తిరించుచుండగా కోడలు చుట్టుచుండెను. కోడలి చేతనున్న యాకు ఎండియుండుట చూచి అత్త ఒక్క మాటయు పలుకక దానిని తీసివేసి, పదునైన వేఱొక యాకు నిచ్చెను. కోడలు చిన్నబుచ్చుకొనలేదు. తానును పనిచేయుచు చెప్పిన హితవు ఎవరికిని బరువు గాదని మాకు తోచెను.

కాని ఆ పనియే లోకమునుండి తొలగిపోయినచో పెద్దల మాట ఏమగును? ఈ ప్రశ్న మాకు బోధనులో ఎదురయ్యెను.

బోధను ఇందూరునకు పడమట సుమారు 25 కిలోమీటర్ల దూరమున గలదు. మంజీరానదిపై 1923లో మొదలిడి 1931 నాటికి ముగించిన నిజాంసాగరపు నీరు కాలువల వెంట వచ్చి యీ నేలను చెఱకు తోటలతో నింపినది. ఆ చెఱకును నమ్మియే 1937లో నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. దాని చుట్టును పెరిగిన పేటకు శక్కర్‌నగరమని పేరు. ఒకనాడు ఆసియాఖండమున మిక్కిలి పెద్ద చక్కెర మిల్లులలో నొకటిగా పేర్గాంచిన యీ కర్మాగారము 2002లో ప్రైవేటు యాజమాన్యము క్రిందికి పోయి, 2015 డిసెంబరులో మూతబడినది. పెక్కు చెఱకు పొలములు వరిమళ్లయినవి.

మిల్లు మూతబడినపుడు జీతములు పోయిన సంగతి అందరు నెఱుగుదురు. దానితో పోయిన వేఱొక సంపదను లెక్కించినవారు లేరు. తోట ఎప్పుడు పక్వమునకు వచ్చునో, మొదటి కోత పిమ్మట మోళ్లనుండి మరల లేచు పైరు నెట్లు కాపాడవలయునో, కోసిన చెఱకు నిలువయున్న కొలదిని తీపి యెట్లు తఱుగునో, ఇవన్నియు ఎఱిగిన పెద్దలు ఇంకను ఇండ్లలో నున్నారు, అడుగువారు లేరు.

శక్కర్‌నగరమునకు చేరువనున్న యొక పల్లెలో నొక ముదుసలిని పలుకరించితిమి. చెఱకు తోటల ముచ్చట యెత్తగానే ఆమె నవ్వి, "ఇప్పుడు చెరుకేడున్నది బిడ్డా? చెరుకే లేనప్పుడు చెరుకు ముచ్చట ఎవ్వలింటరు?" అనెను. ఆ నవ్వులోని దిగులు మమ్ము కలచినది. ఇంతలో ఆమె వాకిట నెండబోసిన వడ్లను చూచుచు మనుమరాలిని పిలిచి, "కొనేకాడ తేమ ఎంత దాక ఒప్పుకుంటరే?" అని యడిగెను. ఆ పిల్ల, "నూటికి పదిహేడు దాటొద్దు అవ్వా" అని చెప్పి, "మనయి ఎండినయంటవా?" అని తిరిగి ప్రశ్నించెను. అవ్వ యొక గింజను పంట కొఱికి, "ఇంకొక్క ఎండ కావాలె" అనెను. పిల్ల వెంటనే వడ్లు నేర్పసాగెను. చెఱకు పోయినను అవ్వ మాట పోలేదు. తాను ముందుగా నడిగినది గనుక తిరిగి యడుగబడినది.

ఈ నేలకు ఇది క్రొత్త పాఠము కాదు. బోధనే ప్రాచీన అశ్మకదేశపు రాజధానియని చరిత్రకారులు పలువురు చెప్పుదురు. ఆ దేశమున గోదావరీతీరమున బావరి యను గురువుండెనని బౌద్ధుల సుత్తనిపాతము చెప్పుచున్నది. ఆయన నూటయిరువదియేండ్ల వృద్ధు. తనకు తెలియని విషయ మొకటి యెదురుకాగా ఆయన దానిని దాచుకొనలేదు. పదునార్గురు శిష్యులను ఉత్తరదేశమునకు, బుద్ధుని సన్నిధికి పంపెను. వారిలో పింగియుడు తిరిగివచ్చి తాను వినినదంతయు చెప్పగా గురువు వినెను. శిష్యుని నోట వినుటవలన ఆయన గౌరవము తఱుగలేదు. నేటికిని మనము ఆయన పేరు తలచుచున్నాము.

బెల్లము వండునపుడు పాకము నొక చుక్క చన్నీటిలో వేసి, ఉండ కట్టిననే దింపుదురు. హితవు చెప్పుటకును అట్టి యదనొకటి గలదు. ముందు చెప్పినచో నీటిలో కలిసిపోవును. మిగుల కాచినచో చేదగును. కావున పెద్దలారా, పిన్నలను దినమున కొక్కటియైన అడిగి తెలిసికొనుడు. కోడండ్రారా, మీ యింటి పెద్ద యే పని నెఱిగి బ్రదికినదో ఆ పనిని గూర్చి ఆమెను అడుగుడు. బోధను మిల్లును మరల తెఱచు మార్గము వెదకుటకై ప్రభుత్వము 2024లో నొక సంఘమును నియమించినది. యంత్రములు పోయినచో మరల కొనవచ్చును. చెఱకు నెఱిగిన అవ్వ పోయిన పిదప ఆమె యెఱుక ఏ యంగడిలోను దొరకదు.