తాళం నంబరు ఎవరికి తెలుసు?

తుపాకుల సరదా ఉన్న మగవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే ఏం మాట్లాడుకుంటారు? చంపటం గురించో, చావు గురించో అనుకుంటాం. కాదు, నూనె గురించి మాట్లాడుకుంటారు. ఎన్ని తూటాలు కాల్చాక గొట్టం శుభ్రం చెయ్యాలి, నూనె ఎక్కువైతే మసి పట్టదా, తక్కువైతే లోపలి భాగాలు అరిగిపోవా, 9 ఎం.ఎం. తూటాల ధర ఎప్పటికి దిగుతుంది, గ్యారేజీలో ఉన్న ఇనప్పెట్టెలో తేమ చేరకుండా ఏం చెయ్యాలి, తూటా లేకుండా ఉత్తినే ట్రిగ్గర్ నొక్కి సాధన చేస్తే ఫైరింగ్ పిన్ పాడవుతుందా, విమానంలో తీసుకెళ్ళాలంటే పెట్టెకి ఎలాంటి తాళం వెయ్యాలి... వింటూంటే మా నాన్న తన పాత స్కూటర్ గురించి స్నేహితులతో మాట్లాడినట్టే ఉండేది.

పరిశోధన పని మీద 2022 ఆగస్టు నుంచి ఏడాదిపాటు టెక్సాస్‌లో ఉన్నాను. వారాంతాల్లో డాలస్ శివార్లలో ఉండే మా పెద్దమ్మ కూతురి ఇంటికి వెళ్ళేదాన్ని. బావగారికి తుపాకులంటే సరదా. మూడున్నాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, శనివారం పొద్దున షూటింగ్ రేంజ్, ఆదివారం గుడి. కోపిష్ఠి కాదు, తాగుబోతు అసలే కాదు. తుపాకీ విషయంలో మహా జాగ్రత్త మనిషి. రేంజ్ నుంచి వచ్చాక ఆయనా స్నేహితులూ గ్యారేజీలో కూర్చుని ఈ మాటలన్నీ మాట్లాడుకునేవాళ్ళు. అక్కా నేనూ పక్కనే వంటింట్లో ఉండేవాళ్ళం. సాహిత్యం చదువుకున్నదాన్ని కదా, పాఠంలో ఏముందో చూడటంతో పాటు ఏం లేదో చూడటం కూడా స్త్రీవాద విమర్శే నాకు నేర్పింది. ఆ మాటల్ని కూడా అలాగే వినటం మొదలుపెట్టాను.

అసలు మన తెలుగువాళ్ళ చేతికి అక్కడ తుపాకీ ఎలా వస్తుందన్నదే తెలుసుకోదగ్గ సంగతి. హెచ్‌1బి లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం. అయితే ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు ఉంటే మినహాయింపు దొరుకుతుంది. అందుకని జన్మలో కోడిని కూడా కోసి ఎరగని మన కుర్రాళ్ళు వేట లైసెన్సు తీసుకుంటారు. వేటాడని వేటగాళ్ళన్నమాట! గ్రీన్‌కార్డు రాకముందు బావగారు కూడా మొదటి తుపాకీ అలాగే కొన్నారట. అప్పుడు అక్క హెచ్‌4 వీసా మీద ఉంది. ఎం.సి.ఏ. చదివిన మనిషి. 2015 దాకా హెచ్‌4 మీద ఉన్న భార్యలకి ఉద్యోగం చేసే వీలే లేదు. ఆ తర్వాత కూడా భర్త గ్రీన్‌కార్డు వ్యవహారం ఒక దశ దాటితేనే. భర్త తుపాకీ కొనుక్కోవటానికి మాత్రం వేట లైసెన్సు చాలు. ఈ రెండు అనుమతుల మధ్య తేడా ఆ ఇళ్ళల్లో ఎవరికీ వింతగా తోచకపోవటమే నాకు వింతగా తోచింది.

ఒక శనివారం బావగారి స్నేహితుడొకాయన అడిగారు: "జేబులో ఉండిపోయిన తూటా బట్టలతో పాటు వాషింగ్ మెషిన్‌లో తిరిగింది. ఇంక వాడొచ్చంటారా?" అరగంట చర్చ. లోపలికి నీళ్ళు పోయుంటాయా, మందు తడిసుంటుందా, డ్రయర్‌లో కూడా తిరిగిందా, ఎందుకొచ్చిన గొడవ పారెయ్యండి అని ఒకరు. ఆ జేబులు చూడకుండా బట్టలు మెషిన్‌లో వేసిందెవరో, ఇంకోసారి చూసి వెయ్యాల్సిందెవరో ఆ అరగంటలో ఒక్క మాట రాలేదు. ఆవిడ మా పక్కనే కూర్చుని చిక్కుళ్ళు వొలుస్తోంది.

బట్టల గురించి ఇంకో మాట కూడా చెప్పాలి. చాలా తూటాల్లో సీసం ఉంటుంది, దాన్ని అంటించే మందులోనూ సీసపు పదార్థమే ఉంటుంది. కాల్చినప్పుడు అది సన్నటి ధూళిగా లేచి చేతులకీ జుట్టుకీ బట్టలకీ అంటుకుంటుంది. ఇంటికొస్తే సోఫాకీ, పిల్లలకీ. పిల్లలకి ఇంత సీసం ఫరవాలేదు అని చెప్పగల హద్దేదీ లేదు. రక్తంలో డెసిలీటరుకి 3.5 మైక్రోగ్రాములు ఉన్నా పట్టించుకోవాలని అమెరికా ఆరోగ్య సంస్థ సి.డి.సి. 2021లో నిర్ణయించింది. గర్భిణులకీ ప్రమాదమే. రెండో కాన్పు ముందు అక్క ఇదంతా తనంతట తనే చదివి తెలుసుకుంది. గ్యారేజీలో విడిగా ఒక బుట్ట పెట్టింది. రేంజ్ బట్టలు అందులోనే వెయ్యాలి, అవి విడిగానే ఉతకాలి. ఉతికేది అక్కే. ఆయన సరదాకి ఆమె చేసే చాకిరీ ఇది. గొట్టంలో సీసం ఎలా వదిలించాలన్నది గ్యారేజీలో పెద్ద చర్చ. చొక్కాలో సీసం సంగతి మాత్రం వంటింటి కబురు.

అక్క ప్రశ్నలు వేరు. పిల్లల్ని ఆడుకోవటానికి ఎవరింటికైనా పంపేముందు ఆ తల్లిని అడుగుతుంది: "మీ ఇంట్లో తుపాకీ ఉందా? తాళం వేసి ఉందా? తూటాలు విడిగా పెడతారా?" ఒకసారి అవతలి తల్లే అక్కని ఈ ప్రశ్నలడిగింది. ఫోను పెట్టేశాక, "మా ఇంటిని గురించి ఇలా అడిగించుకోవాల్సొస్తుందని ఎప్పుడైనా అనుకున్నానంటే!" అంది నాతో. అడగాల్సిందీ తల్లులే, జవాబు చెప్పుకోవాల్సిందీ తల్లులే.

స్త్రీలంతా తుపాకీకి బయటే ఉన్నారని కాదు. అక్క స్నేహితురాలొకావిడ పెట్రోలు బంకు దుకాణంలో రాత్రిళ్ళు ఒక్కతే ఉంటుంది. తుపాకీ తనకోసం తనే కొనుక్కుంది. "నీకేం, పుస్తకాల మధ్య కూర్చుంటావు. రాత్రి రెండింటికి తలుపు తోసుకుని ఎవడొస్తాడో నాకు తెలియదు కదా!" అంది. ఆమె మాట కొట్టిపారెయ్యలేను. తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకీ పట్టిన మల్లు స్వరాజ్యం గురించి గర్వంగా చదువుకున్న వాళ్ళమే మనమంతా. కానీ ఆవిడ ప్రశ్నలు కూడా గ్యారేజీ ప్రశ్నల్లా లేవు. బెల్టు లేని పంజాబీ డ్రెస్సు మీద ఎక్కడ పెట్టుకోవాలి? చేతిసంచిలో పెట్టుకుంటే పిల్లాడు చెయ్యి పెడితే? 2014లో ఐడహో రాష్ట్రంలో ఒక దుకాణంలో రెండేళ్ళ పిల్లాడు తల్లి సంచిలో చెయ్యి పెట్టాడు, తుపాకీ పేలి ఆ తల్లి చనిపోయింది. ఆత్మరక్షణ చేసుకుంటున్నప్పుడు కూడా ఆమె పక్కన పిల్లాడుంటాడు.

దుకాణంలో తుపాకీ కొనేవాళ్ళు 4473 నంబరు ఫారం నింపాలి. అందులో కొన్ని ప్రశ్నల్లో మాత్రం ఇంటిమనిషి కనిపిస్తుంది. భార్యనో సహచరినో వేధించకూడదని కోర్టు ఉత్తర్వు మీ మీద ఉందా? గృహహింస నేరం కింద మీకు శిక్ష పడిందా? ఈ రెండోది 1996లో సెనేటర్ ఫ్రాంక్ లాటెన్‌బర్గ్ పట్టుబట్టి తెచ్చిన సవరణ ఫలితం. 2022లో దాన్ని ప్రేమ సంబంధాల్లో ఉన్నవాళ్ళకీ కొంతవరకు విస్తరించారు. విలువైన ప్రశ్నలే. కానీ ఫిర్యాదు చెయ్యగలిగిన స్త్రీ మాత్రమే ఆ ఫారంలోకి వస్తుంది. ఫిర్యాదు చేస్తే ఇంటిల్లిపాది వీసా ఏమవుతుందో అని నోరు మూసుకున్న స్త్రీ రాదు. పైగా జవాబు రాసేది అతను. ఆమెని అడిగే గడి ఆ ఫారంలో ఎక్కడా లేదు.

ఆ కోర్టు ఉత్తర్వు నిషేధం కూడా నేనక్కడ ఉండగానే ఊగిసలాడింది. స్నేహితురాలి మీద దాడి చేసి కోర్టు ఉత్తర్వు కింద ఉన్న రహిమీ అనే టెక్సాస్ మనిషి కేసులో, ఆ నిషేధం చెల్లదని 2023 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు తీర్పిచ్చింది. కారణం? అలాంటి ఆంక్షలు దేశపు పాత చట్టాల చరిత్రలో లేవట. భార్యని కొట్టటం భర్త హక్కుగా చెలామణీ అయిన కాలంలో, కొట్టినవాడి చేతిలోంచి తుపాకీ తీసుకునే చట్టం ఎక్కడ దొరుకుతుంది! 2024 జూన్‌లో సుప్రీంకోర్టు 8-1 తేడాతో ఆ తీర్పుని తిప్పికొట్టి నిషేధాన్ని నిలబెట్టింది.

నేను పనిచేసింది ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో. టెక్సాస్‌లో అలాంటిచోట్ల లైసెన్సున్నవాళ్ళు తుపాకీ దాచుకుని క్లాసులోకి రావచ్చని 2016 ఆగస్టు 1 నుంచి చట్టం. ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో జెనిఫర్ గ్లాస్, లీసా మూర్, మియా కార్టర్ అనే ముగ్గురు స్త్రీలు, ప్రొఫెసర్లు, దీనిమీద కోర్టుకెళ్ళారు. క్లాసులో తుపాకీ ఉందేమోనన్న భయంతో వివాదాస్పద విషయాలు మనసువిప్పి చర్చించలేమన్నది వాళ్ళ వాదన. 2018లో అప్పీలు కోర్టు కూడా కొట్టేసింది. మీ భయం ఊహ మీద ఆధారపడింది, నష్టం జరగబోతోందని చూపించలేకపోయారన్నది సారాంశం. ఆ తీర్పు చదువుతుంటే మన ఇళ్ళల్లో మాటే వినపడింది నాకు. ఏం జరిగిందని భయం నీకు? ఏమైనా జరిగిందా?

2023 మొదట్లో సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో వేలమందిని తీసేస్తున్నప్పుడు బావగారి ఉద్యోగమూ పోయింది. శనివారాలు ఆగిపోయాయి. రాత్రిళ్ళు నిద్రపోకుండా గ్యారేజీలో ఒక్కరే కూర్చునేవారు. ఒకరాత్రి అక్క నా పక్కన వచ్చి పడుకుని, చాలాసేపటికి అంది: "పెట్టె తాళం నంబరు నాకు తెలియదే."

పన్నెండేళ్ళుగా ఇంట్లో ఉన్న పెట్టె. పిల్లల చేతికి అందకూడదని బావగారు పెట్టిన నంబరు. ఎంత జాగ్రత్త మనిషో అనుకున్నాం అందరం. తనకి తన చేతిలోనే ప్రమాదం ఉండొచ్చన్న ఆలోచన ఆ జాగ్రత్తలో లేదు. తుపాకీ కొనేది బయటినుంచి వచ్చే దొంగకోసం. అంకెలు చెప్పేది వేరు. 2021లో అమెరికాలో తుపాకీ వల్ల 48,830 మంది చనిపోతే అందులో 26,328 ఆత్మహత్యలు, సగానికి పైగా. హింసించే భర్తకో సహచరుడికో తుపాకీ అందుబాటులో ఉంటే ఆ స్త్రీ హత్యకి గురయ్యే ప్రమాదం అయిదు రెట్లు పెరుగుతుందని 2003లో జాక్వెలిన్ క్యాంప్‌బెల్ బృందం పదకొండు నగరాల్లో చేసిన అధ్యయనం చెప్పింది. ప్రమాదం చాలాసార్లు తలుపు లోపలే ఉంటోంది.

అక్క అడగటానికి వారం పట్టింది. "ఆ నంబరు నాకు చెప్పండి" అంది. "నన్ను అనుమానిస్తున్నావా?" అన్నారాయన. "అనుమానం కాదండీ, భయం." ఆయన రెండురోజులు మాట్లాడలేదు. మూడోరోజు మూడు తుపాకులూ తీసుకెళ్ళి స్నేహితుడి ఇంట్లో పెట్టి వచ్చారు. ఉద్యోగం దొరికాక తిరిగి తెచ్చుకున్నారనుకోండి. ఇప్పుడు నంబరు అక్కకి తెలుసు, మారిస్తే చెప్పాలన్నది ఒప్పందం. ఇదేమీ విప్లవం కాదు. కానీ నూనె గురించి అడిగితే శ్రద్ధ, నంబరు అడిగితే అవమానం అన్న పద్ధతి ఆ ఇంట్లో కొంచెం మారింది.

అంతకుముందు దసరాకి బావగారు తుపాకుల్ని కూడా ఆయుధపూజలో పెట్టారు. అక్క కుంకుమ పెట్టబోతే, తడి తగిలి తుప్పు పడుతుంది, పెట్టెకి పెట్టు అన్నారు. అది చూసినప్పుడు నాకు విరాటపర్వం గుర్తొచ్చింది. పాండవులు ఆయుధాలు మూటకట్టి జమ్మిచెట్టు మీద దాస్తారు. ఎవరూ దగ్గరికి రాకుండా అది తల్లి శవమని చెప్తారు. ఏడాదిపాటు ఆయుధాలకి ఏ లోటూ రాలేదు. ఆ ఏడాదిలోనే, కొలువు చేస్తున్న ఇంట్లోనే, కీచకుడు ద్రౌపదిని తన్నాడు. నిండుసభలో మొరపెట్టుకుంటే ధర్మరాజు వెళ్ళిపొమ్మన్నాడు. ఆమె అర్ధరాత్రి వంటశాలకి వెళ్ళి భీముణ్ణి నిద్రలేపాల్సొచ్చింది. ఆయుధాన్ని ఎలా భద్రంగా దాచాలో మనవాళ్ళకి ఎప్పటినుంచో తెలుసు. ఇంట్లో మనిషి భయంగా ఉందని చెప్తే, ఏమైనా జరిగిందా అని అడగకుండా వినటమే ఇంకా నేర్చుకోవాల్సి ఉంది.