సాకేత్‌లో గోడలు నేర్పిన పాఠం

అయోధ్యా నగరానికి గల ప్రాచీన నామమే దక్షిణ ఢిల్లీలోని సాకేత్‌కు పేరుగా అమరింది. 2010లో మెట్రో రైలు వచ్చిన తరువాత ఈ ప్రాంతానికి రాకపోకలు సులభమైనవి. ఇక్కడి మాల్స్ చూడడానికి వచ్చేవారే అధికం. పాత డీడీఏ ఫ్లాటులో కాపురం పెట్టిన మాకు మాత్రం సాకేత్‌లో గోడలే పాఠశాలలైనవి.

మా ముందుగది గోడపై ప్రతి వానాకాలంలోనూ ఒక మరక తేలేది. రెండుమార్లు రంగు వేయించాము. రెండుమార్లూ పెచ్చులుగా రాలిపోయింది. ఇంతలో మిత్రుల ఇంట టెక్స్చర్ పూత వేసిన గోడను చూచి ముచ్చటపడ్డాము. దాని అందం ఒక కారణం. ఆ గరుకుదనం క్రింద మా మరక కనపడకుండా పోతుందన్న ఆశ రెండవ కారణం. ఈ రెండవ దానిని మేము ఎవరికీ చెప్పలేదు.

పిలిపించిన రంగుల మేస్త్రి పని తీరును ఓపికగా వివరించాడు. గోడను గీకి, శుభ్రపరచి, ప్రైమర్ పూయాలి. దానిపై వెన్నముద్ద వంటి టెక్స్చర్ మిశ్రమాన్ని తాపీతో పలుచగా పరచాలి. అది తడిగా ఉండగానే స్పాంజితో అద్దితే గరుకు, దువ్వెన వంటి పనిముట్టుతో లాగితే చారలు, చెక్కడపు రోలరు దొర్లిస్తే లతలు ఏర్పడతాయి. పూర్తిగా ఆరిన పిమ్మట ముదురు రంగు పూయాలి. అది పల్లాలలోనికి దిగి నిలుస్తుంది. తరువాత దాదాపు పొడిగా ఉన్న కుంచెతో లేతరంగును మిట్టల మీద మాత్రమే తాకించాలి. అప్పుడే గోడకు లోతు వస్తుంది. దీపం ఎదురుగా గాక ప్రక్కగా ఉంటే ఆ పనితనం మరింత రాణిస్తుంది.

ఇంత చెప్పి, అరచేతిని గోడకు ఆనించి చూచి అతడు తల అడ్డంగా ఊపాడు. “సాబ్, ముందు ఈ సీలన్ సంగతి చూడండి. లోపల తడి పెట్టుకొని పైన ఎంత మందంగా పూసినా ఒక్క వానాకాలం కూడా ఆగదు” అన్నాడు. పని పెంచుకోవడానికే అంటున్నాడేమోనని శంకించి మేము అతనిని పంపివేశాము.

ఆ ఆదివారం ప్రెస్ ఎన్‌క్లేవ్ మార్గం దాటి ఖిర్కీ గ్రామానికి నడిచాము. రోడ్డుకు ఒక వైపు అద్దాల మాల్స్, మరొక వైపు ఇరుకు సందుల నడుమ పద్నాలుగవ శతాబ్దపు ఖిర్కీ మసీదు. మూలల బురుజులు, జాలీ కిటికీలు, లోపల ఆకాశం కనిపించే నాలుగు ముంగిళ్ళు. దీనిని కట్టించిన జునాన్ షా, ఫిరోజ్ షా తుగ్లక్‌కు వజీరు. అతని తండ్రి మక్బూల్ తిలంగానీ మన ఓరుగల్లు సీమ నుండి వచ్చినవాడు. 1323లో కాకతీయ రాజ్యం పతనమైన పిమ్మట ఢిల్లీ చేరి, వజీరు పదవి వరకు ఎదిగాడు. ఇంటి గోడ బెంగతో బయలుదేరిన మేము ఒక తెలుగువాని కుమారుడు కట్టించిన గోడ ముందు నిలిచాము.

ఆ గోడలు రాతి తునకలతో కట్టి, మందంగా సున్నపు గార పూసినవి. గార నల్లబడింది. పలుచోట్ల ఊడింది. ఒక మూల కప్పు కూడా కూలింది. అయినా మిగిలినచోట ఆరు శతాబ్దాలుగా రాతిని అంటిపెట్టుకొనే ఉన్నది. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి తిరిగి రాయివలె గట్టిపడుతుంది. సూక్ష్మ రంధ్రాల గుండా లోపలి చెమ్మను బయటకు పోనిస్తుంది. నేటి ప్లాస్టిక్ జాతి రంగుల పొర ఆ దారిని చాలావరకు మూసివేస్తుంది. అప్పుడు తడి తనతో తెచ్చిన లవణాలతో సహా పొర వెనుక చేరి, దానిని బుడగలుగా లేపుతుంది. మేస్త్రి చెప్పినది ఇదే కదా అని ఒకరి ముఖం ఒకరం చూచుకొన్నాము.

మరునాడే అతనిని మరల పిలిచి, అనుమానించినందుకు నొచ్చుకొన్నాము. వెదుకగా పై అంతస్తు స్నానాల గది గొట్టంలో ఊట బయటపడింది. పైవారితో మాట్లాడి ఖర్చు చెరిసగం భరించాము. పాడైన గార ఇటుకల వరకు తీయించి, కొత్త గార పూయించి, అది ఆరేవరకు చలికాలమంతా వేచి ఉన్నాము. వచ్చిన అతిథులకు బోసిగోడను చూపడానికి మొదట సిగ్గుపడ్డాము. పిదప అలవాటైంది.

వసంతంలో ఆ ఒక్క గోడకే టెక్స్చర్ పూత వేయించాము. ఢిల్లీ ధూళి గరుకులలో చేరుతుంది గనుక తక్కిన గోడలను నున్నగానే ఉంచాము. వారానికొకసారి మెత్తని కుంచెతో దులపడం పిల్లల వంతు. తరువాతి వానాకాలం వచ్చి వెళ్ళింది. మరక రాలేదు.

ఇంటికి అలంకారం తలపెట్టే సోదర ఉద్యోగులకు మా మనవి ఒక్కటే. రంగుల పట్టిక తెరిచే ముందు ఒకసారి గోడపై అరచేయి ఆనించి చూడండి.