గోదారి మట్టం, లెక్కల పేపరు



ఈ వారం రాస్తున్నది లెక్కల గురించి. చాలామంది ఆశ్చర్యపోతారని తెలుసు. అయినా నాలుగు నెలలుగా రాత్రిపూట మా ఇంట్లో జరుగుతున్నది అదే కాబట్టి, అందులో మేము చూసినది మీతో పంచుకోవడం న్యాయం.

మన సంఘంలో ఒక అమ్మాయి డిగ్రీ చదువుతోంది. ఆమె, ఆమె తల్లి ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాం. పేరు మాత్రం రాయం. మిగతా పేపర్లన్నీ గట్టెక్కాయి. మొదటి ఏడాది లెక్కల పేపరు, కాలిక్యులస్ ఉన్నది, ఒక్కటి మిగిలిపోయింది. రెండుసార్లు రాసింది, రెండుసార్లూ పోయింది. ఈలోగా ఇంట్లో పాస్‌పోర్టు మాట మొదలైంది. కువైట్‌లో ఉన్న పిన్ని "వీసా నేను చూస్తాను, పంపించెయ్యండి" అంది. "మూడోసారి కూడా పోతే ఇంక ఆపేత్తామండి, ఫీజు కట్టడం మా వల్ల కాదండి" అని తల్లి మాతో అంది.

ఈ మాట మన మామిడికుదురు వైపు కొత్తది కాదు. కువైట్ డబ్బుతో లేచిన డాబాలు మన చుట్టూ ఉన్నాయి. అమ్మను ఫోన్‌లోనే చూస్తూ పెరిగిన పిల్లలూ ఉన్నారు. వెళ్లడం తప్పని మేము ఎప్పుడూ అనం. కానీ తానే ఆలోచించి ఎంచుకుని వెళ్లడం వేరు, ఒక పేపరు పోయిందని వెళ్లడం వేరు.

ట్యూషన్‌కి అమలాపురమో రాజోలో పోవాలి. బస్సు ఛార్జీ, చీకటి పడ్డాక రావడం, ఇంట్లో ఒప్పుకోలేదు. మేమిద్దరం చెప్పగలవాళ్లం కాదు. మాలో ఒకరిది ఇంటర్ ఎంపీసీ, ఒకరిది బైపీసీ, అదీ ముప్ఫై ఏళ్ల కిందటి మాట. అయితే చెప్పడానికి చదువు కావాలి గానీ, కలిసి చదవడానికి కూర్చునే ఓపిక ఉంటే చాలు కదా అనుకున్నాం. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అదే మనం ఇగ్నో అంటాం, తన డిగ్రీ పాఠాలను ఈ-జ్ఞాన్‌కోశ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టింది. అందులో కాలిక్యులస్ కోర్సు 6 క్రెడిట్లు. ఇగ్నో లెక్కలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. మొత్తం 180 గంటలు. రోజుకు గంటన్నర చొప్పున నాలుగు నెలలు. అలా ముగ్గురం మొదలుపెట్టాం.

మొదటి వారంలోనే ఒక సంగతి తెలిసింది. ఆ అమ్మాయి ఇంటర్ తెలుగు మీడియంలో చదివింది. తెలుగు అకాడమీ పుస్తకాల్లో ఆమె నేర్చుకున్న మాటలు ప్రమేయం, అవధి, అవిచ్ఛిన్నత, అవకలనం, సమాకలనం. మన రాష్ట్రంలో 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం. అక్కడ అవే ఫంక్షన్, లిమిట్, కంటిన్యుటీ, డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్ అయ్యాయి. ఎరిగిన మనిషే వేరే వేషంలో ఎదురొస్తే పోల్చుకోలేనట్టు, తెలిసిన పాఠాన్నే ఆమె పోల్చుకోలేకపోయింది. అందుకని ఒక నోటుబుక్కులో మధ్యన గీత కొట్టి, ఎడమవైపు తెలుగు మాట, కుడివైపు ఇంగ్లీషు మాట రాసుకున్నాం. రెండు వారాల్లో భయం సగం తగ్గింది. సొంత మాటలో చదివితే లెక్క చిన్నబోదు. కాలిక్యులస్‌కు ముందరి అడుగుల్లాంటి అనంత శ్రేణులను కేరళలో సంగమగ్రామ మాధవుడు, ఆయన శిష్య పరంపర 14వ శతాబ్దం నుంచే సాధించారు. వాటి నిరూపణలను జ్యేష్ఠదేవుడు 1530 ప్రాంతంలో 'యుక్తిభాష'లో రాసింది సంస్కృతంలో కాదు, మలయాళంలో.

ఇక పాఠం. అవకలనం అంటే ఏమిటో మనకు పుస్తకం కన్నా ముందు గోదారి చెప్పింది. వరద రోజుల్లో అప్పనపల్లి, పెదపట్నంలంక వైపు వాళ్లు ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడుగుతారు. ధవళేశ్వరం దగ్గర ఎన్ని అడుగులుంది? పెరుగుతోందా, తీస్తోందా? మొదటిది మట్టం. 11.75 అడుగులు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 రెండోది, 17.75 మూడోది. రెండో ప్రశ్న మట్టం గురించి కాదు, మట్టం మారే వేగం గురించి. ఆ వేగం పేరే అవకలజం. రేడియోలో "నిలకడగా ఉంది" అన్నారంటే ఆ క్షణాన మార్పు సున్నా. "పెరుగుదల మందగించింది" అన్నారంటే నీరు ఇంకా పెరుగుతూనే ఉంది, కానీ పెరిగే వేగం తగ్గుతోంది. ఇది పుస్తకంలో రెండో అవకలజం. భద్రాచలంలో తగ్గడం మొదలైనా ధవళేశ్వరంలో ఇంకా పెరుగుతూనే ఉంటుంది. లంకల్లో బడి మొహం చూడని పెద్దలు కూడా ఈ తేడా ఎరిగి పశువుల్ని ఏటిగట్టు మీదకు తోలుతారు. ఈ మాట విన్నాక ఆ అమ్మాయి మొదటిసారి నవ్వింది.

కానీ అసలు చిక్కు తర్వాత వచ్చింది. రేవు నుంచి బయల్దేరిన ఒక పడవ, సెకన్ల సంఖ్యను దానితోనే గుణిస్తే ఎంతొస్తుందో అన్ని అడుగులు పోతుందనుకోండి. 3 సెకన్లకు 9 అడుగులు. సరిగ్గా ఆ మూడో సెకను దగ్గర వేగం ఎంత? నాలుగో సెకను దాకా చూస్తే 16లో 9 పోను 7. ఇంకో పదో వంతు సెకను మాత్రమే చూస్తే 6.1. నూరో వంతు చూస్తే 6.01. ఆ చిన్న వ్యవధి సున్నాకు దగ్గరవుతున్నకొద్దీ వేగం 6కు దగ్గరవుతోంది. కాబట్టి జవాబు 6.

ఆ అమ్మాయి కలం కింద పెట్టింది. "అయ్యగారండీ, ముందేమో ఆ వ్యవధి సున్నా కాదన్నాం, అందుకే దాంతో భాగించాం. చివర్నేమో సున్నా అనుకున్నాం. రెండూ ఎలాగండీ? ఇదే క్లాసులో అడిగితే అందరూ నవ్వారండి."

ప్రియులారా, ఈ ప్రశ్న అడిగినందుకు ఆమె తనను తాను మొద్దునని అనుకుంటోంది. మేము వెతికి చదివితే తెలిసింది ఏమిటంటే, సరిగ్గా ఇదే ప్రశ్న 1734లో ఐర్లండ్‌కు చెందిన జార్జ్ బర్క్లీ అనే బిషప్పు అడిగాడు. న్యూటన్ 1665-66లో, ప్లేగు వల్ల కేంబ్రిడ్జి మూతపడి ఇంటి దగ్గరున్నప్పుడు ఈ గణితానికి పునాది వేశాడు. జర్మనీకి చెందిన లైబ్నిజ్ విడిగా కనిపెట్టి 1684లో అచ్చువేశాడు. ఫలితాలు సరిగ్గా వస్తున్నాయి గనుక అందరూ వాడుకుంటున్నారు. బర్క్లీ మాత్రం ఒప్పుకోలేదు. విశ్వాసంలోని మర్మాలను ఎగతాళి చేసే గణితజ్ఞులు తమ లెక్కలో ఉన్న ఈ మర్మాన్ని ఎలా మింగుతున్నారని నిలదీశాడు. దానికి జవాబుగా 1736లో న్యూటన్ పద్ధతిని సమర్థిస్తూ, పేరు లేకుండా ఒక చిన్న పుస్తకం వచ్చింది. రాసింది థామస్ బేయస్ అని పండితుల మాట. ఆయన కూడా మనలాంటి ఒక చిన్న సంఘానికి పాస్టరే. అడిగినవాడు దైవసేవకుడు, జవాబు చెప్పబోయినవాడు దైవసేవకుడు! ఎవరూ ఎవర్నీ నవ్వి ఊరుకోలేదు. చివరికి 1821లో ఫ్రాన్సులో కోషీ అవధిని గట్టి పునాదిగా నిలబెట్టి పాఠ్యపుస్తకం రాశాడు. బర్క్లీ ప్రశ్నకు, ఆ పుస్తకానికి మధ్య 87 ఏళ్లు.

జవాబు ఇదీ. ఆ వ్యవధి ఎప్పుడూ సున్నా అవ్వదు. మనం అంటున్నది వేరు. 6కు ఎంత దగ్గరగా రావాలో మీరు చెప్పండి, అంత దగ్గరకు తెచ్చే వ్యవధి మేము చూపిస్తాం. వెయ్యో వంతు కన్నా తక్కువ తేడా కావాలా? వెయ్యో వంతు సెకను కన్నా చిన్న వ్యవధి తీసుకోండి. లక్షో వంతా? అదీ కుదురుతుంది. మీరు ఎంత చిన్నది అడిగినా మా దగ్గర జవాబుంటే, అప్పుడు 6ను అవధి అంటాం. చేరిపోయామని కాదు, ఎంత అడిగితే అంత దగ్గరకు రాగలమని ఇచ్చే మాట అది. ఇది అర్థమైన రోజు మేము ముగ్గురం చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాం. మూల కూర్చుని బియ్యం ఏరుతున్న తల్లి మాత్రం, "ఆయ్, అయితే మా పిల్ల అడిగింది బిషప్పుగారు అడిగిందేనంటారండీ?" అంది. అవునమ్మా అన్నాం.

సమాకలనం దగ్గరకు వచ్చేసరికి మళ్లీ గోదారే ఆదుకుంది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. అదీ వేగమే. బ్యారేజీ నుంచి 10 లక్షల క్యూసెక్కులు ఒక రోజంతా వదిలితే సముద్రంలోకి ఎంత పోయినట్టు? రోజుకు 86,400 సెకన్లు. గుణిస్తే 8,640 కోట్ల ఘనపుటడుగులు, అంటే 86.4 టీఎంసీలు. కానీ నిజం వరద రోజంతా ఒకేలా రాదు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది గానీ, అంతకు చేరేదాకా గంట గంటకూ మారుతూనే వచ్చింది. అప్పుడేం చెయ్యాలి? గంట గంటకూ ముక్కలు చేసి కూడాలి. ఇంకా సరిగ్గా కావాలంటే నిమిషం నిమిషానికి. ముక్క సన్నబడేకొద్దీ కూడిక ఏ విలువకు దగ్గరవుతుందో అదే సమాకలనం. వేగం తెలిస్తే మొత్తం తెలుస్తుంది, మొత్తం తెలిస్తే వేగం తెలుస్తుంది. ఈ రెండూ ఒకదానికొకటి తిరుగుడు దారులని చెప్పేదే ఈ పాఠంలో మూల సిద్ధాంతం.

తల్లిదండ్రులకు ఒక మాట. ఈ నాలుగు నెలల్లో ఆ అమ్మాయి తప్పిన లెక్కల్లో ఎక్కువ భాగం కాలిక్యులస్ దగ్గర తప్పినవి కావు. భిన్నాల దగ్గర, బ్రాకెట్ విప్పేటప్పుడు మారాల్సిన మైనస్ గుర్తు దగ్గర, సైన్ కాస్ సూత్రాల దగ్గర తప్పినవి. మధ్యలో మూడు వారాలు అన్నీ ఆపి తొమ్మిది, పది తరగతుల పుస్తకాలు తీశాం. డిగ్రీ చదివే పిల్ల తొమ్మిదో తరగతి పుస్తకం పట్టుకోవడం నామోషీ కాదు. ఒక్కోసారి గండి గట్టు పైన కాదు, అడుగున పడుతుంది. మట్టి అక్కడే వెయ్యాలి.

ఆమె మూడోసారి పరీక్ష రాసింది. ఫలితం ఇంకా రాలేదు. పాస్‌పోర్టు కాగితాలు తల్లి పెట్టె అడుక్కి పెట్టింది. "రిజల్టు వచ్చేదాకా చూద్దామండి" అంది. అంతకు మించి ఏమీ మారలేదు, మారిందని మేము చెప్పం. అయితే పరీక్ష నుంచి వచ్చాక ఆమె మొదట చెప్పింది మార్కుల సంగతి కాదు. "ఒక లెక్క రాలేదండి, కానీ ఎక్కడ ఆగిపోయానో నాకు తెలిసిందండి" అంది.

ఈ పాఠం నుంచి సంఘానికి ఒక్కటే చెబుతాం. మార్కు అంటే ఆ రోజు గోదారి మట్టం లాంటిది. అది నిజమే, కాదనలేం. కానీ మట్టం ఒక్కటే చూసి ఏరు ఎటు పోతోందో లంకలో ఎవరూ చెప్పరు, రెండో ప్రశ్న కూడా అడుగుతారు. మన పిల్లల విషయంలో మాత్రం మొదటి ప్రశ్నతోనే ఆగిపోతున్నాం. ఎన్ని మార్కులు అని అడిగి మొహం తిప్పుకుంటున్నాం. పోయినసారికీ ఈసారికీ ఏం మారిందమ్మా అని ఇక మీదట అడుగుదాం.

కువైట్‌లో, మస్కట్‌లో ఉండి ఇది చదువుతున్న చెల్లెళ్లూ, మీలో డిగ్రీ మధ్యలో ఆపినవాళ్లు ఉన్నారని మాకు తెలుసు. మేము చెప్పిన ఆ పాఠాలు ఫోన్‌లో కూడా తెరుచుకుంటాయి, డబ్బు కట్టక్కర్లేదు. ఎక్కడ ఆగిపోయారో మాకు రాయండి. మాకు రాకపోతే కలిసి వెతుకుదాం.

దేవుని కృప మీ అందరికీ తోడై ఉండును గాక.