నీటిగుర్రం ఆవలింత

మొన్న క్లాసులో సమాసాల పాఠం చెబుతూంటే వెనక బెంచీ కుర్రాడొకడు లేచి, "నీటిగుర్రం ఏ సమాసమండీ?" అని అడిగాడు.

"నీటి యొక్క గుర్రం. షష్ఠీ తత్పురుషం" అన్నాను ఠీవిగా.

"కాని అది గుర్రం కాదు గదండీ!" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది.

కుర్రాడన్నది నిజమే. ఆ పేరు గ్రీకులు పెట్టింది, మనం తెనిగించుకున్నాం. దానికి గుర్రంతో దగ్గరి చుట్టరికం లేదు. తిమింగిలాలు దాని దాయాదులట! మరో చిత్రం, పగలంతా నీళ్లలోనే ఉండే ఈ జంతువుకు ఈత రాదు. అడుగున నేలమీద నడుస్తుంది.

ఇంటికొస్తూంటే పాత సంగతొకటి గుర్తుకొచ్చింది. మా అమ్మాయికి ఆరేళ్లప్పుడు జంతుప్రదర్శనశాలకు వెళ్లాం. మడుగులోంచి నల్లని బండలాంటి తల పైకి లేచి, ఇంత నోరు తెరిచింది. "ఆవలిస్తోంది నాన్నా, నిద్దరొస్తోంది కాబోలు!" అని పిల్ల చప్పట్లు కొట్టింది. ఇంకా బాగా కనబడాలని పిల్లనెత్తి పిట్టగోడమీద కూర్చోబెట్టాను. "జాగ్రత్తండీ" అంది మా ఆవిడ. "గడ్డి తినే సాధుజంతువే, భయమెందుకు?" అన్నాను.

అది ఆవలింత కాదనీ, "దగ్గరికి రాకు" అనే బెదిరింపనీ చాలా ఏళ్లకు గాని చదవలేదు. ఆ నోట్లో కోరలు మూరెడుంటాయి. పెద్ద మగది 1,500 కిలోలకు పైనే తూగుతుంది; కొన్ని 3,000 కిలోల దాకా పెరుగుతాయి. అంత భారమూ నేలమీద గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తగలదు. బస్సు కోసం రోజూ నేను పెట్టే పరుగు దాని ముందు ఏపాటి! ఆఫ్రికాలో రేవుకు వెళ్లేవాళ్లకూ, పడవల్లో చేపలు పట్టేవాళ్లకూ దీని భయం బాగా తెలుసు. దానికీ నీటికీ మధ్య, తల్లికీ పిల్లకీ మధ్య మనిషి అడ్డుపడ్డాడా, ఇక అంతే.

ఆఫ్రికా సరే, దక్షిణ అమెరికాలోని కొలంబియాకు ఈ బెడద ఎలా వచ్చిందో వినండి. మాదకద్రవ్యాల వ్యాపారంలో కోట్లు గడించిన పాబ్లో ఎస్కోబార్ 1980 తర్వాత కొద్ది ఏళ్లలోనే తన ఎస్టేటుకు నాలుగు నీటిగుర్రాలను తెప్పించాడు, ముచ్చటకు! 1993లో అతను పోలీసుల కాల్పుల్లో పోయాడు. మిగతా జంతువుల్లో చాలావాటిని తరలించారు గాని, వీటిని కదిలించడం ఎవరి తరమూ కాలేదు. అవి మగ్దలేనా నదీ ప్రాంతంలోకి పాకాయి. అక్కడ సింహాలు లేవు, నీటికి కరువు లేదు. 2023 నాటికి 160కి పైగా అయ్యాయి.

దొరదాల్ అనే ఊళ్లో రాత్రిపూట వీధుల్లోకే వస్తాయట. జనానికి అవంటే ముద్దు కూడా. 2009లో ఒకదాన్ని కాల్చి చంపితే దేశమంతా గగ్గోలు పెట్టింది. 2020లో నీటికి వెళ్లిన రైతు నొకణ్ణి ఒకటి తీవ్రంగా గాయపరిచింది. చంపడానికి మనసు రాదు. ఉంచడానికి ధైర్యం చాలదు. 2023లో వాటికి సంతానం కలగకుండా శస్త్రచికిత్సలు మొదలుపెట్టారు. టన్నుల జంతువుకు మత్తిచ్చి కోయడమంటే మాటలా!

రాత్రి భోజనాల దగ్గర ఇదంతా చెప్పాను. మా అమ్మాయి ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. కాసేపాలోచించి, "పాపం, వాటినక్కడికి ఎవరు రమ్మన్నారు నాన్నా?" అంది.

నాకు జవాబు తోచలేదు. ఆనాడు పిట్టగోడమీద కూర్చోబెట్టిన సంగతి మెల్లగా ఎత్తి, ఎంత తప్పు చేశానో ఒప్పుకున్నాను.

మా ఆవిడ మజ్జిగ వడ్డిస్తూ, తలెత్తకుండానే, "నేనప్పుడే చెప్పాను గదా" అంది.