యామన్‌పల్లి రాక్షసబల్లి

హైదరాబాదు చూడబోయినవారు బిర్లా మందిరం మెట్లెక్కకుండా తిరిగి రారు. ఆ చెంతనే ఉన్న బిర్లా సైన్సు మ్యూజియానికి కూడా తప్పక వెళ్ళాలి, పిల్లలున్నవారు మరీను. పొడుగాటి మెడ చాచుకుని నిలబడిన ఒక రాక్షసబల్లి అస్థిపంజరం అక్కడ ఉన్నది. దాని పేరు కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్. పేరు విని బెదరనక్కరలేదు, అందులో ఉన్నవి ఊళ్ళ పేర్లే. ప్రాణహిత తీరాన గల కోట గ్రామం పేరిట కొన్ని రాతిపొరలను పిలుస్తారు. పూర్వపు ఆదిలాబాదు జిల్లా యామన్‌పల్లి వద్ద ఆ పొరలలోనే ఇది దొరికింది. 1988లో యాదగిరి అనే శాస్త్రజ్ఞుడు దీనికి నామకరణం చేశారు.

ఆకూ అలమూ మేసి బతికిన ఈ ప్రాణి సుమారు 18 కోట్ల ఏళ్ళకు పూర్వపుది. జియలాజికల్ సర్వే వారు సుమారు 2,400 చదరపు మీటర్ల నేలలో, అంటే అరెకరాన్ని కాస్త మించిన చోట, 840 ఎముకలు సేకరించారు. అవి కనీసం 12 జంతువులవట! ఇటువంటి లెక్క తేల్చటానికి ఒక ఉపాయం ఉన్నది. ఒక జంతువుకు ఎడమ తొడ ఎముక ఒక్కటే గదా! అవి ఎన్ని దొరికితే కనీసం అన్ని జంతువులన్నమాట.

అన్ని కోట్ల ఏళ్ళు భూమిలో పడి ఉన్న ఎముకలోకి ఖనిజాలు చేరి అది రాయిగా మారుతుంది. రాయి అయినా పెళుసే. గునపంతో పెళ్ళగిస్తే ముక్కలు కావలసిందే. అందుకని చుట్టూ మట్టిని కుంచెతో తుడిచి, బీటలకు పలుచని జిగురు పట్టిస్తారు. పైన తడి కాగితం పరచి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచిన గోనెపట్టీలు చుడతారు. కాలు విరిగినవారికి వేసే పిండికట్టు వంటిదే ఇదీను. ఆపైన ప్రయోగశాలలో కట్టు విప్పి, అంటుకున్న రాతిని సన్నని ఉలితో, సూదితో రవ్వరవ్వగా తీస్తారు. ఒక్క ఎముకకు నెలలు పట్టినా ఆశ్చర్యం లేదు.

ఇంత శ్రమకూ ప్రాణం వంటిది ఎముక మీద వ్రాసే చిన్న అంకె. అది ఏ పొరలో, ఏ ఎముక పక్కన, ఎటు తిరిగి ఉన్నదో ఆ అంకెను బట్టి పటంలో చూసుకోవచ్చును. ఆ వివరం పోతే ఎముక చిరునామా చిరిగిన ఉత్తరమే. సరదాకు ఏరుకొచ్చి షోకేసులో పెట్టుకుంటే దాని కథ అంతటితో సరి.

కోటసారస్ కపాలం నేటికీ దొరకలేదు. చెంచా ఆకారపు పళ్ళు రెండు మాత్రం దొరికాయి. ఆ తల ఇంకా ఆ ప్రాంతాన ఏ వాగు గట్టునో ఉండి ఉండవచ్చును. అటు వెళ్ళినప్పుడు ఎముకను పోలిన రాయి కనపడితే కదపకండి. పక్కన ఒక రూపాయి బిళ్ళ ఉంచి ఫొటో తీసి, చోటు గుర్తు వ్రాసుకుని, జియలాజికల్ సర్వే వారికి తెలపండి. మీ ఇంటి అలమారలో అది ఒక వింత రాయి. మ్యూజియం చేరితే మీ మనుమలు కూడా చూడగల తల!