అబ్బా ఆవాజ్

పోయిన సంవత్సరం, 2025 షాబాన్ నెల చివర్లో ఒక రాత్రి. ఇషా చదువుకుని ఇంటికొచ్చి, అబ్బా ఆవాజ్ కాసేపు విందామని ల్యాప్‌టాప్ తెరిచా. రంజాన్ దగ్గర పడితే నాకు అలా అనిపిస్తుంది. ఫోల్డర్ పేరు 'అబ్బా'. తెరిస్తే లోపల ఏమీ లేదు. పదకొండు రికార్డింగులు ఉండాలి. ఒక్కటీ లేదు.

ఆ పదకొండూ 2019 రంజాన్‌లో చేసినవి. మే నెల, కర్నూలు ఎండ. రోజా ఉండి అసర్ తర్వాత అబ్బా తఖ్త్ మీద ఒరిగి మాట్లాడేవారు. నేను సెలవు మీద వెళ్లినన్ని రోజులూ ఫోన్ పక్కన పెట్టి రికార్డు చేశా. మా దాదా సంగతులు, దాదీ పెళ్లి, మా ఖాన్‌దాన్‌లో ఎవరు ఎవరికి ఏమవుతారు, కొండారెడ్డి బురుజు దగ్గర తన చిన్న దుకాణం. అన్నీ కలిపి నాలుగు గంటల పైనే. 2021 మేలో అబ్బా ఇంతెఖాల్ అయ్యారు. ఇప్పుడు మాకు మిగిలిన ఆయన ఆవాజ్ అంతా అదే.

అబ్బా జిల్ద్‌సాజ్. పుస్తకాలకు జిల్ద్ కట్టేవారు. స్కూలు రిజిస్టర్లు, కోమట్ల ఖాతా పుస్తకాలు, మసీదు నుంచి వచ్చే చిరిగిన ఖురాన్‌లు. పాత కితాబు చేతికొస్తే కుట్టు విప్పే ముందు వరఖ్‌లు లెక్కపెట్టి చీటీ మీద రాసుకునేవారు. పని అయ్యాక మళ్లీ లెక్క. "ఇది మనది కాదు బేటా, అమానత్" అనేవారు.

2009 అక్టోబర్ 2. జుమ్మా రోజు. రంజాన్ ఈద్ అయ్యి రెండు వారాలు కూడా కాలేదు. తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి కర్నూలు మీద పడ్డాయి. కర్నూలు వాళ్లకు ఆ రోజు గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. మా అమ్మీ, అబ్బా, చెల్లెలు పక్కింటి మిద్దె మీద గడిపి ప్రాణాలతో బయటపడ్డారు, అల్హమ్దులిల్లాహ్. కానీ మంచం కింది సందూక్ నీళ్లలోనే ఉండిపోయింది. అందులో అమ్మీ నికా ఫోటోలు, దాదా ఉర్దూలో రాసిన ఖత్‌లు, మా చిన్నప్పటి ఆల్బం. నీళ్లు తగ్గాక తీస్తే ఫోటోలన్నీ ఒకదానికొకటి అతుక్కుని ముద్దైపోయాయి. జీవితమంతా ఇతరుల కాగితాలు కాపాడిన మనిషి తన ఇంటి కాగితాలను ఎండలో పరిచి, ఏదీ విడదీయలేక అలా చూస్తూ కూర్చున్నారు. ఆ రోజు ఆయన ఏమీ మాట్లాడలేదు.

అందుకే అబ్బా పోయాక నాకు ఒకటే ఫికర్. ఉన్నవైనా పోకూడదు. రికార్డు చేసిన నా ఫోన్ 2022లో చచ్చిపోయింది. అదృష్టం కొద్దీ ఫైళ్లు అప్పటికే మెమరీ కార్డు మీదుగా అమ్మీ ఫోన్‌లోకి వేసి ఉన్నా. నిడివి ఎక్కువని వాట్సాప్‌లో ఎవరికీ పంపలేదు. చివరికి 2025 జనవరిలో జీతంలో మిగిల్చుకున్న డబ్బుతో ఇంట్లో ఒక నాస్ పెట్టా. తెలియని వాళ్ల కోసం చెబుతున్నా: నాస్ అంటే రౌటర్ పక్కన కూర్చునే చిన్న డబ్బా. లోపల హార్డ్ డిస్కులు ఉంటాయి. ఇంట్లో ఉన్న ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ దాన్ని వాడుకోవచ్చు. మాది రెండు డిస్కులది. ఒకదాంట్లో ఏది రాస్తే రెండోదాంట్లో అదే పడుతుంది. ఒక డిస్క్ చెడిపోయినా రెండోది ఉంటుంది.

ఫోన్లలో ఉన్నది నాస్‌లోకి తనంతట తాను రావడానికి సింక్‌థింగ్ అనే సాఫ్ట్‌వేర్ వేశా. 2013 నుంచి ఉంది, పైసా ఖర్చు లేదు. మన ఫైళ్లు ఏ కంపెనీ సర్వర్‌లోనూ నిలవ ఉండవు. ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కి తాళం వేసినట్టు వెళ్తాయి. కర్నూలులో అమ్మీ ఫోన్, టోలీచౌకీలో మా నాస్, రెండిటికీ ఇంటర్నెట్ ఉంటే చాలు. ఫోన్‌లో వేసుకునే వాళ్లకు ఒక మాట. ఆండ్రాయిడ్ అసలు యాప్ 2024 డిసెంబర్‌తో ఆగిపోయింది, ఇప్పుడు 'సింక్‌థింగ్-ఫోర్క్' అనేది వాడుతున్నారు.

పెట్టడం పెద్ద కష్టం కాదు. ప్రతి మెషీన్‌కీ ఏడేసి అక్షరాల ఎనిమిది ముక్కలుగా పొడవాటి గుర్తింపు ఉంటుంది. దాన్ని ఇటు చేర్చాలి, అటు ఒప్పుకోవాలి. రెండు వైపులా "ఖుబూల్ హై" అంటేనే రిష్తా కుదురుతుంది. ఆ మాట చెబితే మా బేగమ్ నవ్వింది, "మెహర్ ఎంత?" అంది. నాస్‌లో ఒకచోట ఇరుక్కున్నా. సింక్‌థింగ్ అక్కడ ఒక వేరే యూజర్‌గా పని చేస్తుంది. ఆ యూజర్‌కి మన ఫోల్డర్‌లో రాసే ఇజాజత్ మనమే ఇవ్వాలి. ఇవ్వకపోతే ఫైల్ ఒక్కటీ రాదు, 'పర్మిషన్ డినైడ్' అని ఎర్రగా చూపిస్తుంది. రెండు రాత్రులు అక్కడే పోయాయి. ఇజాజత్ ఇచ్చాక పదకొండు రికార్డింగులూ కర్నూలు నుంచి నడిచి వచ్చినట్టు ఒక్కొక్కటే వచ్చేశాయి. పరీక్ష కోసం బేగమ్ పాత ఫోన్‌ని కూడా అదే ఫోల్డర్‌కి కలిపా. మూడు చోట్లా ఒకటే లెక్క. ఆ రోజు హాయిగా నిద్రపోయా.

ఆరు వారాల తర్వాత ఈ ఖాళీ ఫోల్డర్.

నాస్‌లో రీసైకిల్ బిన్ ఉంది కదా అని వెతికా. అదీ ఖాళీ. కంప్యూటర్ నుంచి షేర్డ్ ఫోల్డర్‌లోకి వెళ్లి మనం చెరిపేసినవే ఆ బిన్‌లో పడతాయట. సింక్‌థింగ్ చెరిపింది పడదు. రెండో డిస్క్? మొదటి డిస్క్‌లో పోయిన క్షణమే అందులోనూ పోయింది. దాని పనే అది.

రాత్రి పదకొండు అవుతున్నా అమ్మీకి ఫోన్ చేశా.

"అమ్మీ, ఫోన్‌లో ఏమైనా చేశారా?"

"నేనేం చేశా బేటా? ఫోన్ నిండిపోయింది, ఫోటో కూడా దిగట్లేదంటే చెల్లెలి కొడుకు సాఫ్ చేసి పెట్టాడు. క్యా హోగయా?"

అమ్మీ ఫోన్ ఉర్దూలో ఉంటుంది. ఏదైనా చెరపాలంటే అందులో 'హజ్ఫ్ కరేఁ' అని వస్తుంది. మా భాంజాకి ఉర్దూ చదవడం రాదు, ఇంగ్లీష్ మీడియం. పెద్ద పెద్ద ఫైళ్లు ఏవో చూసి, చెత్తబుట్ట బొమ్మ నొక్కుతూ పోయాడు. పిల్లాడి తప్పేముంది? చెరిపింది వాడే అయినా, ఆ చెరపడాన్ని కర్నూలు నుంచి హైదరాబాద్ దాకా మోసుకొచ్చే దారి వేసింది నేను. సింక్ అంటే అన్ని చోట్లా ఒకేలా ఉంచడం. ఒకచోట ఫైల్ చేరితే అన్ని చోట్లా చేరుతుంది. ఒకచోట పోతే అన్ని చోట్లా పోతుంది. సాఫ్ట్‌వేర్ తన పని సరిగ్గానే చేసింది. నేనే సింక్‌ని చూసి హిఫాజత్ అనుకున్నా.

హజ్ఫ్ అనే మాట మొదటిసారి విన్నది మా ఉర్దూ స్కూల్లో, కవాయద్ క్లాసులో. అక్షరం పడిపోవడాన్ని అలా అంటారు. తర్వాత డిగ్రీలో తెలుగు వ్యాకరణం చదివితే అదే సంగతిని 'లోపం' అన్నారు. రెండు భాషల్లో మార్కులు తెచ్చుకున్న నాకు దాని అర్థం ఆ రాత్రి తెలిసింది.

అమ్మీకి సంగతి అర్థమై ఏడుపు మొదలుపెట్టింది. "నక్కో బేటా, నాకు ఈ ఫోనే నక్కో. నా చేతుల్తో ఆయన ఆవాజ్ పోగొట్టుకున్నానా" అంటోంది. ఏదో సర్దిచెప్పి పెట్టేశా. ఏమి చెప్పానో నాకే గుర్తులేదు.

అప్పుడు బేగమ్ వచ్చి నిలబడింది. "అజీ, నా పాత ఫోన్‌లో కూడా వేశారు కదా?"

వేశా. కానీ జనవరి చివర్లో కొత్త ఫోన్ కొన్నాక ఆ పాతది ఛార్జింగ్ అయిపోయి అల్మారాలో పడి ఉంది. ఉన్నపళంగా తీసి ఛార్జర్ పెట్టబోయా. చెయ్యి ఆగిపోయింది. ఆ ఫోన్ చచ్చి ఉంది కాబట్టే అందులో ఫైళ్లు బతికి ఉన్నాయి. లేచి వైఫై పట్టుకుందంటే నాస్‌ని పలకరిస్తుంది. "ఆ పదకొండూ తీసేశాం" అని నాస్ చెబుతుంది. అదీ తీసేస్తుంది. క్షణాల పని.

ముందు నాస్‌లో సింక్‌థింగ్ ఆపేశా. రౌటర్ ప్లగ్ గోడలోంచి పీకేశా. పాత ఫోన్‌లో సిమ్ లేదని రెండుసార్లు చూసుకున్నా. ఇంట్లో మిగిలిన ఫోన్లలో హాట్‌స్పాట్ కూడా బంద్. అప్పుడు ఛార్జర్ పెట్టి, బిస్మిల్లాహ్ అని ఫోన్ ఆన్ చేశా. పిల్లలు కూడా లేచి వచ్చి చుట్టూ చేరారు. ఎవరూ మాట్లాడట్లేదు. ఫోల్డర్ తెరిస్తే వరసగా పదకొండు ఫైళ్లు. కేబుల్‌తో ల్యాప్‌టాప్‌లోకి, అక్కడి నుంచి ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించా. అబ్బా వరఖ్‌లు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టా. పదకొండు.

పేర్లు ఉంటే సరిపోదని ఒక్కోదాన్నీ తెరిచి కాసేపు విన్నా. ఏడోదాంట్లో అబ్బా మా పెద్దమ్మాయికి ఖురాన్ కితాబుగా ఎలా వచ్చిందో చెబుతున్నారు. యమామా జంగ్‌లో చాలామంది హాఫిజ్‌లు షహీద్ అయ్యారు. హజ్రత్ ఉమర్ (రజి) ఆ ఫికర్‌తో హజ్రత్ అబూబకర్ (రజి) దగ్గరికి వెళ్లారు. హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) రాతల్లోంచీ, గుండెల్లోంచీ ఒక్కచోటికి చేర్చారు. ఆ ప్రతి చివరికి హజ్రత్ హఫ్సా (రజి) దగ్గర ఉంది. హజ్రత్ ఉస్మాన్ (రజి) దాన్ని అడిగి తెప్పించి, నకళ్లు రాయించి, అసలును ఆమెకు తిరిగి ఇచ్చేసి, నకళ్లను వేరు వేరు ప్రాంతాలకు పంపారు. "కాపాడేది అల్లాహ్‌యే బేటీ. అయినా వాళ్లు ఎంత ఏహ్తియాత్ చేశారో చూడు. అంతా ఒక్క ఊళ్లో పెట్టుకుని కూర్చోలేదు" అంటున్నారు అబ్బా. ఇంతకుముందు కూడా విన్న మాటే. ఆ రాత్రి మాత్రం నాకు చెప్పినట్టు వినిపించింది.

మరుసటి రోజు కూర్చుని అన్నీ మార్చా. మీ ఇంట్లోనూ ఎవరైనా ఇలాంటిది పెట్టుకుంటే పనికొస్తుందని రాస్తున్నా.

మొదటిది, సింక్‌థింగ్‌లో ప్రతి ఫోల్డర్‌కీ 'ఫైల్ వర్షనింగ్' అని ఒకటి ఉంటుంది. మనం పెట్టుకుంటేనే పని చేస్తుంది. నాస్‌లో 'ట్రాష్ క్యాన్' ఎంచుకుని రోజుల గడిలో 0 పెట్టా. ఇప్పుడు ఫోన్‌లో ఎవరు ఏది చెరిపినా, నాస్‌లో అది పూర్తిగా పోదు. ఒక దాగిన ఫోల్డర్‌లోకి వెళ్లి, మనం తీసేదాకా అక్కడే ఉంటుంది. అయితే వేరే మెషీన్ నుంచి వచ్చిన మార్పులకే ఈ రక్షణ. నాస్‌లో మనమే చేతులారా చెరిపితే ఇది కాపాడదు.

రెండోది, ఫోన్‌లో 'సెండ్ ఓన్లీ' పెడితే చాలని కొందరు అనుకుంటారు. నేనూ అనుకున్నా. అది చెరపడాన్ని కూడా పంపిస్తుంది. దాన్ని నమ్ముకోవద్దు.

మూడోది, ఏ సింక్‌కీ తగలని నకలు ఒకటి ఉండాలి. ఫోటోగ్రాఫర్లు 3-2-1 అని ఒక లెక్క చెబుతారు. మూడు నకళ్లు, రెండు రకాల సామాను మీద, ఒకటి ఇంకో ఊళ్లో. నేను ఒక చిన్న హార్డ్ డిస్క్ కొని, అన్నీ ఎక్కించి, వైరు పీకేసి కర్నూలు తీసుకెళ్లా. జిద్దాలో ఉన్న తమ్ముడికి పదకొండు ఫైళ్లూ పెన్‌డ్రైవ్‌లో పంపా. వాడు చెరపడు. చెరిపినా మాకు తగలదు.

అమ్మీ ఆ హార్డ్ డిస్క్‌ని దస్తీలో చుట్టి, వరద నీళ్లు చూసిన అదే సందూక్‌లో పెట్టింది. సందూక్ మాత్రం ఇప్పుడు మంచం కింద లేదు, మిద్దె మీద గదిలో ఉంది. తుంగభద్ర 2009లో కర్నూలులోకి వచ్చింది. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో ఎన్ని ఇళ్లు మునిగాయో మనమే చూశాం. రెండూ ఒకే రోజు రావని ఉమ్మీద్.

ఇప్పుడు ఈద్‌కి వెళ్లినప్పుడల్లా ఆ డిస్క్ తీసి, కొత్తవి ఎక్కించి, పదకొండూ తెరుచుకుంటున్నాయో లేదో చూసి మళ్లీ పెడుతున్నా. మొన్న వెళ్లినప్పుడు అమ్మీ పక్కనే కూర్చుని అడిగింది: "మీ అబ్బాది సరే. నాది ఎప్పుడు రికార్డు చేస్తావు?"

సిగ్గేసింది. ఇన్ని రోజులూ పోయిన మనిషి ఆవాజ్‌ని నాలుగు చోట్ల దాస్తూ, ఎదురుగా ఉన్న మనిషిది ఒక్కటీ తీసుకోలేదు. ఆ రోజు అసర్ తర్వాత అమ్మీని అదే తఖ్త్ మీద కూర్చోబెట్టి, ఫోన్ పక్కన పెట్టా. అమ్మీ గొంతు సవరించుకుని, "ముందు మీ నానీ సంగతి చెబుతా, సునో" అంది.