పిట్స్‌బర్గ్ దారిలో పిల్లల పార్కులు

బడులకి సెలవులిచ్చే రోజులు దగ్గర పడుతూంటే న్యూజెర్సీలోని మన తెలుగు ఇళ్లలో రెండు మాటలు వినిపిస్తూంటాయి. ఒకటి పెద్దవాళ్లది: "ఒకసారి పిట్స్‌బర్గ్ వెళ్లి స్వామి దర్శనం చేసుకుని వద్దాం" అని. రెండోది పిల్లలది: "ఈ ఏడు అమ్యూజ్‌మెంటు పార్కుకి ఎప్పుడు తీసుకువెళ్తారు?" అని. ఇండియానుంచి అమ్మా నాన్నా వచ్చి ఉన్న ఏడాదైతే మొదటి మాట తోసెయ్యలేం. ఇంట్లో అయిదేళ్ల పిల్లో పిల్లాడో ఉంటే రెండోదీ తోసెయ్యలేం. మనకి సెలవు దొరికేది మాత్రం నాలుగు రోజులు.

అదృష్టం కొద్దీ ఈ రెండు కోరికలూ ఒకే ప్రయాణంలో తీరతాయి. పిట్స్‌బర్గ్ పక్కన పెన్ హిల్స్‌లో వేంకటేశ్వరస్వామి ఆలయం 1976లో వెలసింది. ఇక్కడినుంచి సుమారు 350 మైళ్లు. ఆగకుండా నడిపితే ఆరు గంటలు. పిల్లలతో అయితే ఎనిమిది అనుకోండి. వెళ్లే దారుల్లో రెండు, ఆలయానికి అందుబాటులో రెండు, మొత్తం నాలుగు పార్కులున్నాయి. నాలుగూ నాలుగు రకాలు. ఏది ఎలాంటి కుటుంబానికి సరిపోతుందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఎవర్ని చూసి ఎంచుకోవాలి?

"ఏ పార్కు బాగుంటుంది?" అని ఎవర్నడిగినా అన్నిటికన్న పెద్ద రోలర్ కోస్టరు ఎక్కడుంటే దాని పేరే చెప్తారు. మన జాక్సన్‌లోని గ్రేట్ అడ్వెంచర్‌లో 2005లో తెరిచిన కింగ్డా కా 456 అడుగుల ఎత్తుండేది. 2025లో దాన్ని పడగొట్టారు. అది ఉన్న ఇరవయ్యేళ్లలో నాలుగేళ్ల పిల్లకి దానివల్ల ఒరిగిందేమీ లేదు, కింద నిలబడి మెడ నొప్పెట్టేదాకా చూడటం తప్ప.

చిన్నపిల్లలున్నవాళ్లు పార్కుని ఎంచుకునేటప్పుడు ఇద్దర్ని చూసుకోవాలి. ఇంట్లో అందరికన్న పొట్టివాళ్లు ఎవరు? అందరికన్న పెద్దవాళ్లు ఎవరు? ఈ ఇద్దరికీ ఆ రోజు సుఖంగా గడిస్తే మధ్యనున్న మనకి దానంతటదే గడుస్తుంది. వాళ్లిద్దరూ కలిసి కూర్చోగలిగినవి, కలిసి చూడగలిగినవి ఎన్ని ఉన్నాయన్నదే నా లెక్కలో పార్కు మంచిచెడ్డలకి కొలత.

వయసు కాదు, అంగుళాలు

రైల్లో అర టికెట్టుకోసం పిల్లల వయసు ఒక ఏడు తగ్గించి చెప్పే అలవాటు మనవాళ్లలో కొందరికి ఉండేది. ఇక్కడ గేటు దగ్గర పిల్లాణ్ణి చిన్నవాణ్ణి చేసి, కోస్టరు దగ్గరికి వచ్చేసరికి పెద్దవాణ్ణి చేద్దామంటే కుదరదు. దాదాపు ప్రతి బండి దగ్గరా ఒక కొలబద్ద ఉంటుంది. దానికి వయసుతో పని లేదు. 36, 42, 48 అని అంగుళాలు అడుగుతుంది.

ఈ దేశపు పెరుగుదల పట్టికల్లో పిల్లల సగటు ఎత్తు నాలుగేళ్లకి సుమారు 40 అంగుళాలు, అయిదేళ్లకి 43, ఏడేళ్లకి 48. అంటే 48 అంగుళాలు కావాలనే బండి మామూలు పిల్లకి ఏడేళ్లు వచ్చేదాకా అందదు. సగటుకి రెండంగుళాలు తక్కువుంటే ఎనిమిదో ఏడు. ఇందులో బెంగపడవలసింది లేదు. పిల్ల తన గీతమీద తాను పెరుగుతూంటే చాలు, పక్కింటి పిల్లతో పోలిక అక్కర్లేదు. ప్రయాణానికి వారం ముందు గోడకి ఆనించి కొలవండి. పార్కువారి పట్టిక తీసి, మీ పిల్ల ఒక్కతే ఎక్కగలిగినవి ఎన్ని, మీతో కలిసి ఎక్కగలిగినవి ఎన్ని, అసలు ఎక్కలేనివి ఎన్ని అని మూడు లెక్కలు రాసుకోండి. మూడో లెక్క పెద్దదైతే ఆ పార్కుని రెండేళ్లు వాయిదా వెయ్యండి.

అంగుళం తక్కువైనా పంపించకూడదా అని అడిగేవాళ్లున్నారు. కూడదు. ఒడిమీదికి దిగే కమ్మీ తొడల్నీ తుంటినీ పట్టి ఉంచాలి. పెద్దవాళ్లూ పిల్లా ఒకే కమ్మీ కింద కూర్చుంటే అది పెద్దవాళ్ల తొడ దగ్గరే ఆగిపోతుంది. పక్కన పిల్లకీ కమ్మీకీ మధ్య జానెడు సందు మిగులుతుంది. పైగా చిన్నపిల్లల్లో ఒంటితో పోలిస్తే తల బరువెక్కువ, మెడ కండరాలు లేత. బూట్లలో కాగితాలు కుక్కి ఎత్తు పెంచినంతమాత్రాన ఇవేవీ మారవు.

ఎత్తుతో సంబంధం లేని ప్రమాదం ఇంకొకటుంది. జారుడుబల్లమీద రెండేళ్ల పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని తల్లిదండ్రులు జారుతారు. అలా అయితే క్షేమమని వాళ్ల నమ్మకం. కాని పిల్ల బూటు అడుగు బల్ల అంచుకి పట్టుకుంటే, వెనకనున్న మన బరువు ఆగకుండా ముందుకి పోతుంది. పిల్ల కాలు మెలిపడి మోకాలి కింద ఎముక విరుగుతుంది. ఇది వైద్యులకి బాగా తెలిసిన దెబ్బ. పిల్ల తనంతట తాను జారగలిగితే జారనివ్వండి. లేకపోతే వచ్చే ఏడు జారుతుంది.

దారిలో రెండు: హర్షీ, కనోబెల్స్

78వ నంబరు రోడ్డుమీద వెళ్లేవాళ్లకి హర్షీ దారిలోనే తగులుతుంది. చాక్లెట్ల మిల్టన్ హర్షీ తన ఫ్యాక్టరీ పనివాళ్లకోసం 1906లో పెట్టిన పార్కు. 1971లో చుట్టూ కంచె వేసి, ఒకే టికెట్టుతో అన్నీ ఎక్కే పద్ధతి తెచ్చారు. ఇక్కడ ఎత్తులకి మిఠాయిల పేర్లు పెట్టారు. ముందు పిల్లని కొలిచి నువ్వు ఫలానా చాక్లెట్టు అని చెప్తారు. ఆ బొమ్మ ఏ బండి ముందుంటే అది ఎక్కవచ్చు. "నువ్వు చిన్నదానివి" అనిపించుకోవడంకన్న "నువ్వు కిస్సెస్ చాక్లెట్టువి" అనిపించుకోవడం పిల్లలకి నయం కదా!

పన్నెండేళ్ల అన్నయ్యా నాలుగేళ్ల చెల్లాయీ ఉన్న ఇంటికి ఇది బాగుంటుంది. ఇద్దరికీ కావలసినన్ని ఉన్నాయి. కాని టికెట్టు ఖరీదు ఎక్కువ, నడక ఎక్కువ, జనం ఎక్కువ. తాతగారు ఏదీ ఎక్కకపోయినా గేటు దగ్గర టికెట్టు కొనవలసిందే. గంటన్నర ఆగి సాగిపోదామనుకునేవాళ్లకి పక్కనే 1973లో తెరిచిన చాక్లెట్ వరల్డ్ ఉంది. అందులో చాక్లెట్టు తయారీ చూపిస్తూ తిప్పే చిన్న బండి ప్రయాణం ఉచితం. నాలుగేళ్లవాళ్లకి ఒక్కోసారి అదే చాలు.

80వ నంబరు రోడ్డుమీద వెళ్లేవాళ్లు డాన్‌విల్ దగ్గర దిగి కాస్త దక్షిణానికి వస్తే ఎలిస్‌బర్గ్‌లో కనోబెల్స్ ఉంది. పేరు మొదట్లోని కె అక్షరం మింగకుండా పలకాలి. 1926నుంచీ ఒకే కుటుంబం నడుపుతున్న పార్కు. వాగు ఒడ్డున చెట్ల నీడలో ఉంటుంది. దీని గొప్ప ఏమిటంటే లోపలికి పోవడానికి టికెట్టు లేదు, కారు నిలపడానికి డబ్బు లేదు. ఎక్కినదానికే సొమ్ము. బామ్మగారు చెట్టు కింద బెంచీమీద కూర్చుని మనవణ్ణి చూస్తూంటే అడిగేవాడు లేడు. మన తిరునాళ్లలో రంగులరాట్నానికి ఇచ్చుకున్నట్టు, పిల్ల ముచ్చటపడ్డదానికి ఇచ్చుకుంటే సరిపోతుంది. ఇంటినుంచి తెచ్చుకున్న పులిహోర బల్లలమీద పెట్టుకుని తినవచ్చు.

అక్కడి పెద్ద రంగులరాట్నం 1913నాటిది. అంచు గుర్రం ఎక్కినవాళ్లు తిరుగుతూ తిరుగుతూ చెయ్యి చాచి గొట్టంలోంచి ఉంగరాలు లాగుతారు. ఇత్తడి ఉంగరం దొరికితే ఇంకోసారి ఊరికే ఎక్కవచ్చు. ఫీనిక్స్ అనే కొయ్య కోస్టరుది ఇంకా చిత్రమైన కథ. టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో మూతపడి ఉన్న కోస్టరుని ముక్కముక్కగా విప్పి, నంబర్లు వేసి, లారీల్లో తెచ్చి, ఇక్కడ మళ్లీ నిలబెట్టి 1985లో నడిపించారు. వలసవచ్చి నిలదొక్కుకున్నవాళ్లం కనక మనకి ఆ కథ నచ్చుతుంది!

ఆలయానికి దగ్గర రెండు: కెన్నీవుడ్, ఐడిల్‌వైల్డ్

పెన్ హిల్స్‌నుంచి అరగంటలో చేరుకోగలిగినది కెన్నీవుడ్. ట్రాలీ కంపెనీవారు 1898లో పెట్టారు. పనిరోజుల్లో నిండే బళ్లు ఆదివారాలు ఖాళీగా పోతూంటే, లైను చివర వినోదశాల పెడితే జనం ఎక్కుతారని ఆ రోజుల్లో ఈ దేశమంతటా కంపెనీలు వేసిన ఎత్తు అది. అలాటి పార్కులు చాలామటుకు పోయాయి. ఇది మిగిలింది. 1987లో జాతీయ చారిత్రక స్థలంగా గుర్తింపు కూడా వచ్చింది.

1920నాటి జాక్ రాబిట్, 1927నాటి రేసర్ అనే కొయ్య కోస్టర్లు ఇప్పటికీ నడుస్తున్నాయి. రేసర్‌లో రెండు బళ్లు పక్కపక్కనే పందెం పరిగెడతాయి. నిజానికి రెండూ ఒకే పట్టామీదున్నాయి. ఎడమవైపు బయలుదేరిన బండి కుడివైపుకి తిరిగివస్తుంది. ఇంజనీరు నాన్నలు దీని ముందు నిలబడి చాలాసేపు వేళ్లతో గాలిలో గీతలు గీస్తారు. కింద మొనాంగహేలా నది. ఆవలి ఒడ్డున బ్రాడక్‌లో 1875లో మొదలైన ఎడ్గర్ థామ్సన్ ఉక్కు కర్మాగారం. వైజాగ్‌నుంచి వచ్చిన తాతగారుంటే ఈ దృశ్యం చూపించకుండా రావద్దు. పసిపిల్లలకి వేరే చిన్న బళ్ల పేట ఉంది. అయినా ఈ పార్కు రుచి తెలియాలంటే ఏడేళ్లు దాటాలి.

ఆలయంనుంచి తూర్పుకి 30వ నంబరు రోడ్డుమీద సుమారు 40 మైళ్లు వస్తే లిగొనియర్‌లో ఐడిల్‌వైల్డ్ ఉంది. ఇదీ రైలు పెట్టిన పార్కే, 1878లో మొదలైంది. ఆరేళ్లలోపు పిల్లలున్నవాళ్లు నన్నడిగితే నేను మొదట చెప్పే పేరు ఇది. కారణం, 1956లో తెరిచిన స్టోరీ బుక్ ఫారెస్ట్. పెద్ద పుస్తకంలాటి ద్వారంలోంచి అడవిలోకి నడిచి వెళ్లాలి. బూటులో కాపురమున్న ముసలమ్మ, మూడు ఎలుగుబంట్లు, మూడు పందిపిల్లలు, ఒక్కొక్క చెట్టు కింద ఒక్కొక్క కథ. కొలబద్ద లేదు, కమ్మీ లేదు, కడుపులో తిప్పడం లేదు. మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మ నిదానంగా నడవవచ్చు.

ఇంకొక సంగతి గమనించండి. ఈ కథలు పిల్లలకి బడిలో వచ్చు, నాయనమ్మకి రావు. "ఈ ముసలమ్మ బూటులో ఎందుకుందే?" అని ఆవిడ అడుగుతుంది. మనవరాలు వచ్చీరాని తెలుగులో చెప్పవలసివస్తుంది. మధ్యలో మనం దుబాసీ పని చెయ్యకుండా పదడుగులు వెనక నడిస్తే, అదివారం తెలుగు క్లాసులో ఒక నెల జరగని పాఠం ఆ అడవిలో గంటలో జరుగుతుంది. బదులుగా నాయనమ్మ ఏడు చేపల కథ చెప్పక తప్పదు. వీసా మీద వచ్చి, పిల్లల ఇంగ్లీషు అందక ముభావంగా కూర్చునే పెద్దవాళ్లు మన ఇళ్లలో ఎంతమంది లేరు?

అక్కడే చిన్న ట్రాలీబండి ఉంది. టీవీలో పిల్లలకి ప్రియమైన ఫ్రెడ్ రోజర్స్ పక్కనున్న లాట్రోబ్ ఊరివాడు. ఆయన కార్యక్రమం పేరుతో 1989లో పెట్టిన ప్రయాణం, ఇప్పుడు డానియల్ టైగర్ పేరుతో నడుస్తోంది.

కొన్ని జాగ్రత్తలు

బళ్లకి తనిఖీ ఉంటుందా అని అడుగుతారు. స్థిరంగా ఒకేచోట ఉండే పార్కుల్ని తనిఖీ చేసే అధికారం 1981నుంచీ కేంద్ర ప్రభుత్వానికి లేదు. అది రాష్ట్రాల పని. పెన్సిల్వేనియాలో ఆ బాధ్యత వ్యవసాయశాఖది. తూకాల్నీ పెట్రోలు పంపుల్నీ పరీక్షించే విభాగమే దీన్నీ చూస్తుంది. అయితే తనిఖీదారు చూసేది యంత్రాన్ని. మీ పిల్ల భయపడుతోందా లేదా అన్నది మీరే చూడాలి. ఏడుస్తున్న పిల్లని "ఒకసారి ఎక్కితే భయం పోతుంది" అని కట్టి కూర్చోబెట్టకండి. మధ్యలో దిగిపోదామని పెనుగులాడేది అలాటి పిల్లలే.

కారులోనూ రాట్నంలోనూ వాంతులు ఎక్కువగా అయ్యేది నాలుగునుంచి పన్నెండేళ్ల పిల్లలకి. ఖాళీ కడుపూ వద్దు, నిండు కడుపూ వద్దు. తేలికగా తినిపించి అరగంట ఆగండి. గుండెజబ్బు, మెడనొప్పి ఉన్న పెద్దవాళ్లూ, గర్భిణులూ ప్రతి బండి ముందున్న హెచ్చరిక చదివాకనే ఎక్కాలి. చక్కెరజబ్బు ఉన్న అమ్మగారికి భోజనంవేళ తప్పనివ్వకండి. బయటి తిండి తేనిస్తారో లేదో పార్కు పార్కుకీ తేడా; ముందే కనుక్కోండి. పిల్ల జేబులో మీ ఫోను నంబరు రాసిన కాగితం ఉంచండి. తాతగారి జేబులోనూ ఉంచండి, తప్పిపోయేది ఎప్పుడూ పిల్లలే కారు.

ఇక ఏది?

ఆరేళ్లలోపు పిల్లలూ, పెద్దవాళ్లూ ఉంటే ఐడిల్‌వైల్డ్. పెద్దవాళ్లు ఏమీ ఎక్కరనుకుంటే, చేతి ఖర్చు చూసుకోవాలనుకుంటే కనోబెల్స్. పిల్లల వయసుల మధ్య దూరం ఎక్కువైతే హర్షీ. అందరూ ఏడేళ్లు దాటితే కెన్నీవుడ్. దర్శనం ఒక రోజు, పార్కు ఒక రోజు పెట్టుకోండి. రెండూ ఒకే రోజు ఇరికిస్తే దేవుడి దగ్గరా తొందరే, గుర్రం దగ్గరా తొందరే. బయలుదేరేముందు ఆ రోజు పార్కు తెరిచి ఉంటుందో లేదో చూసుకోవడం మరవకండి. వేసవికి ముందూ వెనకా కొన్నిచోట్ల శని ఆదివారాలే తెరుస్తారు.

అక్కడికి వెళ్లాక పిల్ల అన్నీ వదిలేసి ఒకే గుర్రం తొమ్మిదిసార్లు ఎక్కుతానంటే, "ఇంత డబ్బు పోసింది ఇందుకా?" అనకండి. ఎక్కనివ్వండి.